వాకిలికి విలువ కట్టరా?

ఇల్లు మంజూరైన వాని జాగాలో ముగ్గు పోయు దినము పండుగ దినమే. లింగాలలో గాని, ఆ చుట్టుపట్టుల పల్లెలలో గాని, కూలిన మట్టిగోడను చదును చేసి, ముగ్గుపిండితో గీతలు గీసి, కొబ్బరికాయ కొట్టునపుడు ఆ యింటి యిల్లాలి ముఖము చూచినవారికి సర్కారుపై నెంత కోపమున్నను ఆ నిమిషమున చల్లారును. ఇందిరమ్మ ఇండ్ల పథకము 2024 మార్చి 11వ తేదీన భద్రాచలమున ప్రారంభింపబడినది. సొంత జాగా గలవారికి అయిదు లక్షల రూపాయలు ఇచ్చుట, ఆ సొమ్మును పునాదికి, గోడలకు, స్లాబుకు, ముగింపునకు నాలుగు విడతలుగా చెల్లించుట, ఇల్లు 400 చదరపు అడుగులకు తక్కువ కాకుండ, 600 చదరపు అడుగులకు మించకుండ చూచుట, ఇవి దాని నిబంధనలు. తరతరములుగా తాటాకు క్రింద తలదాచుకొన్నవారికి ఈ సొమ్ము చేరుట మాకు సంతోషమే. సొమ్మును గూర్చి మేమిచ్చట వాదింపబోవుట లేదు. కొలత పట్టీని గూర్చి వాదింపబోవుచున్నాము.

ఆ పట్టీ గది పొడవును కొలుచును, వెడల్పును కొలుచును. వంటగది, పడకగది, మరుగుదొడ్డి, అన్నియు లెక్కకు వచ్చును. వాకిలి మాత్రము లెక్కకు రాదు. కప్పు లేని నేల సర్కారు పుస్తకమున శూన్యము.

పాలమూరు సీమలో పుట్టి పెరిగినవారిని అడుగుచున్నాము. శివరాత్రి వెళ్ళినది మొదలు మృగశిర కార్తె వరకు మన జనులు రాత్రి ఎచ్చట నిద్రింతురు? మిరపకాయలు, కందులు ఎచ్చట ఎండును? పెండ్లిపందిరి ఎచ్చట వేయుదురు? పంచాయతీ ఎచ్చట కూర్చుండును? బాలింత బిడ్డకు కాళ్ళపై నీళ్ళు పోయునది ఎచ్చట? చివరకు ప్రాణము పోయినపుడు మనిషిని తెచ్చి పరుండబెట్టునది ఎచ్చట? దినమున సగము, ఏటిలో సగము మన సంసారము వాకిటనే జరుగుచున్నది. గది యనునది పెట్టెకు, ధాన్యమునకు, వానకాలపు రాత్రులకు. రోహిణి ఎండలకు రోళ్ళు పగులునని యెరిగిన జాతి, పగలెల్ల ఎండను త్రాగి రాత్రియెల్ల ఆ వేడిని లోనికి విడుచు నాలుగైదు అంగుళముల కాంక్రీటు పలక క్రింద పండుకొనుటకు ఇష్టపడునా? మంచము బయట వేసికొనును. కాని బయట అను చోటే మిగులకున్న మంచము ఎచ్చట వేయవలెను? సిమెంటు బాటలు ఇండ్ల గడపల దాక వచ్చి, కొన్ని యూళ్ళలో గడపల కంటె ఎత్తు పెరిగి, వాన నీటిని లోనికే పంపుచున్నవి. అది వేరు కథ, మరియొకమారు వ్రాసెదము.

వాకిలికి విలువ కట్టిన శిల్పి యొకడు ఈ దేశమున నుండెను. ఆయన పుట్టినది మన సికిందరాబాదులోనే. చార్లెస్ కొరియాగారు 1930 సెప్టెంబరు 1న అచ్చట జన్మించిరి. గోవా మూలముగల కుటుంబము. బొంబాయిలో చదివి, అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయమునను, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునను భవననిర్మాణ విద్య ముగించి, తిరిగివచ్చి 1958లో బొంబాయిలో సొంత కార్యాలయము తెరచిరి. 2015 జూన్ 16న అచ్చటనే కాలము చేసిరి. 1984లో బ్రిటిషు రాజ భవనశిల్పుల సంస్థ స్వర్ణపతకమును, 2006లో మన ప్రభుత్వము పద్మవిభూషణమును ఇచ్చినవి. పతకములు అటుండనిండు. తెలుగుగడ్డపై కన్ను తెరచిన ఈ మనిషి పేరు మన పాఠ్యపుస్తకములు చదివిన పిల్లలలో ఎంతమంది చెప్పగలరు? సినిమా తారల జన్మదినములకు రక్తదాన శిబిరములు పెట్టు దేశములో ఈ ప్రశ్నకు జవాబు ఆశించుట మాదే తప్పు.

కొరియాగారికి ముప్పది యేండ్లు నిండకమునుపే చేతికి వచ్చిన పని సబర్మతి ఆశ్రమములోని గాంధీ స్మారక సంగ్రహాలయము. మహాత్ముని జాతికంతటికి చూపవలసిన కట్టడము. మరియొకరైనచో పాలరాతి గోపురము నెత్తియుందురు. ఆయన ఆరు మీటరుల చదరపు కొట్టములను కొన్నింటిని మూసి, కొన్నింటిని తెరచి, వరుస తప్పించి పేర్చి, నడుమ నీటికొలను ఉంచి, ఇటుక స్తంభములపై పెంకులు కప్పిరి. కిటికీలకు అద్దము లేదు. కొయ్య రెక్కలు మాత్రమే. 1963లో నెహ్రూగారు దానిని ప్రారంభించిరి. ఒక గదినుండి మరియొక గదికి పోవుటకు ఆకాశము క్రిందికి వచ్చి పోవలెను. మన ఊరి పెద్ద భవంతిలో నడిమి వాకిలి దాటకుండ వంటింటికి పోలేనట్లే. గాంధీగారి కుటీరము ప్రక్కన సిగ్గుపడకుండ నిలువగలిగిన కట్టడము అదియొక్కటేనని మా నమ్మకము.

అంతకుముందే 1960లో గుజరాతు గృహనిర్మాణ మండలి చవుక ఇండ్లకై నడపిన పోటీలో ఆయన మొదటి బహుమతి పొందిరి. పోటీకి వచ్చినవారికి మేడలు కట్టవలెనని తోచునట్లు షరతులుండగా, ఆయన నేలమీది ఇండ్లతోనే అంతమందికి చోటు చూపిరి. మాదిరికి ఒక్క ఇల్లు అహమ్మదాబాదులో కట్టిరి. వెడల్పు 3.6 మీటరులు, పొడవు 18 మీటరులకు పైన, గొట్టమువంటి ఇల్లు. కప్పు రెండు వాలులుగా పైకి లేచును. వేడిగాలి ఆ వాలువెంట ఎక్కి కొననున్న రంధ్రము గుండ పోవును. క్రింద వాకిలి దగ్గరి రెక్కల సందున చల్లగాలి వచ్చును. పంఖా లేదు, యంత్రము లేదు. మన పాత మిద్దెల నడుమ గవాచి పెట్టిన మేస్త్రీకి ఈ రహస్యము తెలియనిదా? తెలియును. చౌడుమట్టి మిద్దె క్రింద మధ్యాహ్నము కునుకు తీసినవారికి అందరికి తెలియును. పేదవాని ఇంటి నమూనా గీయుచు ఆ రహస్యమును కాగితముపై నెక్కించిన ఇంజనీరు ఎందరన్నదే మాట. ఆ మాదిరి ఇల్లు 1995లో కూల్చివేయబడినది. ఆ పాఠమునకు మన దేశమిచ్చిన గౌరవ మది.

మన రాజధానిలోను ఆయన చేతిపని కలదు. ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాలో బస్సు దిగు వేలమంది పాలమూరువారికి ఆ సంస్థ పేరు తెలియును. దాని కార్యాలయ భవనమును 1960ల చివర గీసినది కొరియాగారని తెలియదు. ఎండను తలుపు దగ్గరనే ఆపవలెనని లోపల వాకిళ్ళు విడిచి, మిద్దెపై పెద్ద పందిరివంటి నీడచట్రము నెత్తి కట్టిన భవన మది. అదే సంస్థ ఉద్యోగుల ఇండ్లను మరియొక మహాశిల్పి బాలకృష్ణ దోషీగారు గీసిరి. ఇద్దరు దిగ్గజములు మన ఎండపై చేసిన ఆలోచన ఒకేచోట నుండగా, చదువుకొను పిల్లలు దుబాయి అద్దాల మేడల బొమ్మలు నకలు చేయుచున్నారు.

బేలాపూరును గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. మా వాదమంతయు దానిపైన నిలిచియున్నది. నవీ ముంబయిలో 1983 నుండి 1986 వరకు కొరియాగారు కట్టించిన పేటలో 5.4 హెక్టారులలో సుమారు 550 కుటుంబములకు ఇండ్లు వచ్చినవి. ఒక్కొక్క జాగా 45 చదరపు మీటరులు మొదలు 70 వరకు. మన లెక్కలో ఇంచుమించు 54 గజములు మొదలు 84 గజములు. ఇంత ఇరుకున వాకిలి యెక్కడనుండి వచ్చును అందురు మన అధికారులు. ఆయన తెచ్చిరి. ఏడు ఇండ్లను ఎనిమిది మీటరుల చదరపు వాకిలి చుట్టు చేర్చిరి. అట్టి మూడు గుంపులు కూడి ఇరువదియొక్క ఇండ్లకు పండ్రెండు మీటరుల మరియొక వాకిలి. అట్టి గుంపులు మరికొన్ని కూడినచోట ఇంకను పెద్ద మైదానము. ఇట్లు పెరిగి పెరిగి బడి, అంగడి ఉన్న చోటికి చేరును. పసిబిడ్డకు తల్లి కంటి యెదుటి వాకిలి. పెద్ద పిల్లలకు దాని తరువాతి వాకిలి. ముసలివారి ముచ్చటకు చెట్టు నీడ. ఇంత విడిచినను హెక్టారుకు ఇంచుమించు అయిదువందల మంది ఇముడుదురు. ఆకాశమునకు మేడ నిలిపిననే జనము పట్టుదురను మాట అబద్ధమని ఆయన లెక్కగట్టి నిరూపించిరి.

అంతకంటె గొప్ప సంగతి మరియొకటి కలదు. ఏ ఇంటి గోడయు పొరుగింటి గోడతో కలియదు. కావున కొడుకు పెండ్లినాటికి ఒక గది, మనుమడు పుట్టిననాటికి ఒక మెట్లదారి, ఎవని శక్తికి తగినట్లు వాడు, పొరుగువానిని అడుగనక్కరలేకయే పెంచుకొనవచ్చును. ఊరి మేస్త్రీ చేయగల పనితనముతోనే కట్టిరి. మేడలకు పోసిన సొమ్ము సిమెంటు, ఇనుము కార్ఖానాలకు, పెద్ద గుత్తేదారులకు పోవును. నేలపై కట్టిన ఇంటి సొమ్ము ఊరి మేస్త్రీకి, వడ్లవానికి, కూలికి పోవునని ఆయన పలుమార్లు చెప్పిరి. బీదవాని జాగాకును కలిగినవాని జాగాకును పెద్ద తేడా ఉండరాదనిరి. ఇందులో మనకు కొత్త యేమున్నది? స్లాబు పోసిన ప్రతి పల్లె ఇంటిపైనను స్తంభముల సలాకలు ఆకాశమువైపు నిలబడి తుప్పు పట్టుచుండుట చూడలేదా? ఆ సలాకలే ప్రజల మనసులోని నమూనా. ఇల్లు ఈనాడు ముగియదు, రేపు పెరుగునని వారు ఇనుముతో వ్రాసికొన్నారు. బేలాపూరులో అది పటములోనే కలదు. మన పథకమున అది హద్దు మీరుట యనిపించుకొనును.

కొరియాగారి వెంట గుడ్డిగా నడువుమని మేము చెప్పుట లేదు. బొంబాయిలో కంచన్‌జంగ యను ఆకాశహర్మ్యమును సంపన్నులకు కట్టినది ఆయనయే. అందును ఇంటింటికి రెండంతస్తుల ఎత్తు పంచ ఉంచిరి గాని, అది ముప్పదిరెండు కుటుంబముల భాగ్యము మాత్రమే. జైపూరు జవహర్ కళాకేంద్రములో నవగ్రహముల తొమ్మిది చదరములు, భోపాలు విధానభవనములో మండలాకారము, వీనిని పండితులు మెచ్చుకొందురు. భోపాలు భవనమునకు 1998లో ఆగాఖాన్ బహుమానము వచ్చినది. మాకు మాత్రము, ఆ మండలములన్నియు ఒక తట్టునను, బేలాపూరు ఎనిమిది మీటరుల వాకిలి ఒక తట్టునను ఉంచి తూచినచో, వాకిలియే బరువైనదిగా తోచును. బేలాపూరులో సహితము, సొమ్ము చేరినకొలది పలువురు పాత ఇండ్లు తీసివేసి పెద్దవి కట్టుకొనిరి. పెంకుల వరుస చెదరినది. దానిని చూపి ఓటమి యనువారు కలరు. ఇల్లు పెరుగవలెనని గీసినవాని ఇల్లు పెరిగినచో ఓటమి యెట్లగును? కాని కొందరు పెంచుటలో నీడను, గాలిని మ్రింగివేసిరనుట నిజము. దానిని దాచము.

ఇక బొంబాయి మాట. బొంబాయి యనగానే పాలమూరు గుండెలో ముల్లు కదులును. ఆ నగరములోని కామాటిపురమునకు ఆ పేరు వచ్చినది రాళ్ళెత్తిన మన తెలుగు కామాటుల వలననే. తరువాత గుంపుమేస్త్రీల వెంట పోయిన పాలమూరు కూలీలు ఈ దేశమున ఎన్ని ఆనకట్టలకు మట్టి మోసిరో, ఎన్ని మేడలకు కాంక్రీటు పోసిరో ఎవరు లెక్కించిరి? అట్టి వలసకూలి రాత్రి ఎచ్చట పండుకొనునని చూచిన శిల్పులు అరుదు. కొరియాగారు చూచిరి. 1968లో దాదాభాయి నౌరోజీ వీథి ప్రక్క ఎత్తైన అరుగులు కట్టి, పగలు అంగడివారు అమ్ముకొనుటకును, సాయంకాలము కొళాయి త్రిప్పి కడిగి, రాత్రి దిక్కులేనివారు పండుకొనుటకును వాడవచ్చునని ప్రణాళిక చూపిరి. మహానగరమున పేదవానికి ఒక అరుగు అడిగినవాడు ఆయన. మన పల్లెలో ప్రతి ఇంటిముందు ఉండిన ఆ అరుగునే నేటి నమూనాలు తీసివేసినవి!

1960ల నడిమినుండి కొరియాగారు, ప్రవీణా మెహతాగారు, శిరీష్ పటేలుగారు సముద్రపు పాయకు ఆవల కొత్త నగరము కట్టుడని వాదించి ప్రభుత్వమును ఒప్పించిరి. ఆయన 1970 నుండి కొన్ని యేండ్లు దానికి ముఖ్యశిల్పిగా నుండిరి. నగరము వచ్చినది. కాని కచేరీలను అచ్చటికి కదల్చుడని ఆయన చెప్పిన మాటను సర్కారు వినలేదు. ఈవల సముద్రము పూడ్చి నారిమన్ పాయింటులో మేడలు లేపుచుండిరి. 1985 తరువాత జాతీయ నగరీకరణ సంఘమునకు ఆయన అధ్యక్షులైరి. నివేదిక 1988లో వచ్చినది. నివేదికలకు మన దేశమున పట్టు గతి పాఠకులెరుగుదురు.

మాకు వచ్చు జవాబులు మాకు ముందే తెలియును. జనులే స్లాబు కావలెననుచున్నారు, మీరెవరు కాదనుటకు? ఇది మొదటిది, గట్టిది. నిజమే. గుడిసెకు నిప్పంటుకొనునని భయము, మిద్దె ఏటేట మన్ను ఎత్తి పోయకున్న కురియునని భయము, పాము భయము, దొంగ భయము. స్లాబు ఇల్లనగా పదిమందిలో తలయెత్తుకొనుట. దానిని ఎగతాళి చేయువాడు పేదరికమును ఎరుగనివాడు. మేము స్లాబును తీసివేయుమనుట లేదు. స్లాబు క్రింద వేడిగాలి పోవుటకు రంధ్రములు విడువుడు, ఎదురెదురు గోడలకు కిటికీలు పెట్టుడు, ముందొక పంచ దింపుడు, పంచ ముందర నాలుగు మంచముల వాకిలి మిగుల్చుడు అనుచున్నాము. మా అచ్చుకూటము కప్పు కాంక్రీటుదే. వేసవి మధ్యాహ్నము ఈ పంక్తులు దిద్దుచు చెమట తుడుచుకొను మాకు దాని సుఖము ఎవరును చెప్పనక్కరలేదు.

రెండవ జవాబు: ప్రతి ఊరికి వేరు నమూనా గీయ సాధ్యమా, రాష్ట్రమంతటికి ఒక లెక్క యుండవలదా? ఇంతకుముందు ప్రభుత్వము రెండు పడకగదుల ఇండ్లకు 560 చదరపు అడుగుల కొలత పెట్టినది. 2015లో సికిందరాబాదు ఐ.డి.హెచ్. కాలనీలో వానిని మొదట ఇచ్చినది. ఈ ప్రభుత్వము 400 నుండి 600 అనినది. పార్టీ మారినది, అంకె మారినది, కొలత పట్టీ మారలేదు. గోదావరి ఒడ్డున గాలి వేరు, నల్లమల అంచున గాలి వేరు. రూపము ఎండవానల వెంట నడువవలెనని కొరియాగారు జీవితమంతయు చెప్పినది ఇదియే. రాతిబండ దొరకుచోట బండ, పెంకు దొరకుచోట పెంకు, వెదురు దొరకుచోట వెదురు వాడనిచ్చుటకు వేయి నమూనాలు అక్కరలేదు. ‘స్లాబు విడత’ అనుచోట ‘కప్పు విడత’ అని వ్రాసినచో చాలును.

స్వదేశీయత పేరు చెప్పి మరియొక వేడుక జరుగుచున్నది. పాత సచివాలయమును 2020లో కూల్చి, 2023 ఏప్రిల్ 30న కొత్తది తెరచిరి. 265 అడుగుల ఎత్తు, గుమ్మటములు, శిఖరములు. చూడ ముచ్చటగా నున్నదనువారితో మాకు తగవు లేదు. కాని గుమ్మటము పెట్టినంతనే కట్టడము మనదగునా? బాహ్యమున చిహ్నము అతికించుట ఒకటి. లోపలి నడకలో, నీడలో, గాలిలో మన జీవనము ఇముడుట మరియొకటి. గుడి యనగా గర్భాలయము, గోపురము మాత్రమే కాదు, ఒక ప్రాకారమునుండి మరియొక ప్రాకారమునకు ఆకాశము క్రింద నడచిపోవు ఆ నడకయే గుడి యని కొరియాగారి భావము. దీనిని లింగాలవారికి విడమరచి చెప్పనక్కరలేదు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరము పోవువారు నల్లమల లోయలో ఎండలో నడచి, చెట్ల నీడన దిగి, జలపాతము క్రింద లింగమయ్యను చూచి వచ్చుచున్నారు. అచ్చట మండపమెవడు కట్టెను? దారియే మండపము.

ఆ దారి ప్రక్కననే చెంచుపెంటలున్నవి. వారి సంగతి చెప్పకుండ ఈ వ్యాసము ముగింపలేము. 1940లో ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను పండితుడు అమ్రాబాదు పీఠభూమికి వచ్చి చెంచుల నడుమ నుండి, 1943లో గ్రంథము ప్రకటించెను. వెదురు తడికెల గుండ్రని గోడ, గడ్డి శిఖరము, ముందర ఊడ్చి చదును చేసిన నేల, ఇది చెంచు ఇల్లు. గాలి తడికెలోనుండి ఆడును, పొగ గడ్డిలోనుండి పోవును. 2023 నవంబరు 15న మొదలైన ప్రధానమంత్రి జన్‌మన్ పథకమున ఇట్టి ఆదివాసులకు ఇంటికి రెండు లక్షల రూపాయలు నిర్ణయించిరి. అప్పాపూరు వంటి పెంటలు పులుల అభయారణ్యము నడుమ నున్నవి. ఇసుక బండి, సిమెంటు బండి లోనికి పోవుటయే కష్టము. కష్టపడి పోయిననాడైనను లోపల కట్టునది మైదానపు పెట్టెయే. అట్టి పెట్టె ప్రక్కన చెంచు తిరిగి తడికె గుడిసె వేసికొని అందులో నిద్రించినచో, పక్కా ఇల్లు ఇచ్చినను వాడుకొనుట తెలియనివారని అధికారి వ్రాసుకొనును. తెలియనిది ఎవరికి? పులి తిరుగు అడవిలో గట్టి గోడ కావలెను, వానకు కురియని కప్పు కావలెను, నిజమే. ఆ రెండింటిని తడికె గాలితో, ఊడ్చిన నేలతో కలిపి గీయుటకే గదా శిల్పి యనువాడు చదువుకొనినది! హైదరాబాదులో భవనశిల్ప విద్య నేర్పు కళాశాలలున్నవి. ఆ పిల్లలను ఒక వేసవి నెల లింగాలకు పంపి, చెంచు ముసలమ్మల యెదుట కూర్చుండబెట్టి, వారు చెప్పినది గీయుమనుడు.

నాగర్‌కర్నూలు జిల్లా కలెక్టరువారికి మా మనవి ఇది. వచ్చు విడత ఇండ్లకు ముగ్గు పోయకమునుపు, ఈ మండలములో ఒక్క వాడనైనను తీసికొనుడు. ఇరువది ఇండ్లు చాలును. జాగాలు ఒకదానికొకటి వీపు తిప్పి కాక, ముఖము చూచుకొనునట్లు చేర్చుడు. పంచను ఆరువందల అడుగుల హద్దులో పట్టవద్దు. వేపచెట్టు అడ్డమున్నచో గీతను జరుపుడు, చెట్టును కాదు. గోడ ఎత్తు ఒక అడుగు పెంచుటకు అయ్యెడి ఖర్చును సర్కారు భరించుగాక. కట్టు మేస్త్రీ ఆ ఊరివాడే కావలెను. బొంబాయి మేడలకు కాంక్రీటు పోసివచ్చిన చేతులు అచ్చట కొదువలేవు. ఆ ఇరువది ఇండ్లు, ప్రక్క వాడలోని ఇరువది పెట్టెలు, రెండింటిలోను రోహిణి కార్తె రాత్రి తొమ్మిది గంటలకు ఉష్ణమాపకము పెట్టి చూడుడు. ఆ రెండు అంకెలను మా పత్రికకు పంపినచో, ఏది ఎట్లున్నను, ఈ పుటలోనే అచ్చువేయుదుము.